వ్రేలాడు పడకమీద నిద్ర

ధ్యానభాగము: మార్కు 4:35–41, నిర్గమకాండము 22:26, 27



మన ప్రభువు ప్రార్థించెనని సువార్తలు అనేక పర్యాయములు చెప్పుచున్నవి. భుజించెనని, కన్నీరు విడిచెనని, అలసి బావియొద్ద కూర్చుండెనని చెప్పుచున్నవి. అయితే ఆయన నిద్రించెనని చెప్పు సంఘటన మాత్రము ఒక్కటే. అది ఇంటిలో గాదు, మంచముమీద గాదు, కదలని నేలమీద గాదు. అలలమీద ఊగుచున్న దోనెలో. మత్తయి, మార్కు, లూకా ముగ్గురును ఆ సంగతి వ్రాసిరి. మార్కు ఒక్కడే ఆయన తల క్రింది తలగడను కూడ జ్ఞాపకముంచుకొనెను. మత్తయి 8వ అధ్యాయము 20వ వచనములో మనుష్యకుమారునికి తల వాల్చుకొన చోటు లేదని వినుచున్నాము. నాలుగు వచనములు దాటగానే ఆయన గాఢనిద్రలో నుండుట చూచుచున్నాము. చోటు లేనివానికి నిద్ర యున్నది. ఇల్లు, మంచము, పరుపు ఉన్న మనకు నిద్ర లేదు. ఇది ఎట్లు?

కొల్లేటి సీమలో కాపురమున్న మనకు దోనె యనిన వివరింపనక్కర లేదు. తాటిమ్రాను తొలిచి చేసిన దోనెలో మావులు వేయబోయిన తాతలు మన సంఘములో నేటికిని ఉన్నారు. బుడమేరు, తమ్మిలేరు తెచ్చిన నీరు ఉప్పుటేటి గుండ సముద్రము చేరువరకు లంక గ్రామములవారి బ్రదుకు నీటి లెక్కమీదనే నడచును. ఊగుదానిమీద కూర్చుండుట మనకు క్రొత్త గాదు. అయినను ఊగుదానిమీద నిద్రించుట వేరు. కూర్చున్నవాడు తన కాళ్లను, చేతులను నమ్ముకొనును. నిద్రించువాడు తన్ను తాను విడిచిపెట్టుకొనవలెను.

ఈ సంగతిని మేము పుస్తకములోగాక రెండు రాత్రుల అనుభవములో నేర్చుకొంటిమి. ఒక జనవరి మాసములో మా యౌవనస్థులతో కలిసి తాడేపల్లిగూడెమునకు వెలుపల ఒక మామిడితోటలో కూటములు పెట్టుకొంటిమి. ఓడలో పనిచేయు మన సంఘపు కుమారుడొకడు సెలవులకు వచ్చుచు గుడ్డతో కుట్టిన వ్రేలాడు పడకలు కొన్ని తెచ్చెను. ఇంగ్లీషువారు దీనిని హ్యామక్ అందురు. రెండు చెట్ల నడుమ కట్టి అందులో పరుండుటయే. పగటివేళ అందరును ఎక్కి ఊగి నవ్వుకొనిరి. రాత్రి అందులోనే నిద్రింపవలెనని నిర్ణయము చేయగానే నవ్వులు కొంచెము తగ్గినవి.

ఇది దొరల దేశములలో పుట్టిన వస్తువని కొందరు తలంచిరి. అట్లు కాదు. 1492లో కొలంబసు బహామా దీవులకు చేరినప్పుడు అచ్చటి ప్రజలు వలవంటి ప్రత్తినూలు పడకలు కట్టుకొని నిద్రించుట చూచి వ్రాసి పెట్టెను. హమాక అను వారి మాటయే ఐరోపా భాషలలోనికి పోయినది. తరువాతి శతాబ్దము ముగియకమునుపే ఇంగ్లండు నౌకాదళము తన నావికులకు దీనినే పడకగా చేసెను. ఓడ ఒరిగినను పడక తిన్నగా వ్రేలాడును, మనిషి దొర్లి క్రింద పడడు. అంతెందుకు? మన స్త్రీలు నాట్లకు పోయినప్పుడు గట్టుమీది చెట్టుకొమ్మకు చీర కట్టి పసిబిడ్డను పరుండబెట్టలేదా? ఏజెన్సీ కొండలలో రోడ్డు లేని గూడెములనుండి రోగిని డోలీలో మోసికొని వచ్చుట లేదా? చెరువుగట్టు తుమ్మకొమ్మకు, ఈతమట్టకు గిజిగాడు వ్రేలాడదీసిన గూటిలో పిల్లలు గాలికి ఊగుచు నిద్రించుట లేదా? ప్రతివాడును వ్రేలాడు పడకలో ఒకప్పుడు నిద్రించినవాడే. పెద్దవారమై మరచితిమి, అంతే.

ఊగుటకును నిద్రకును సంబంధమున్నదని తల్లులు ఎరిగిన సంగతిని పండితులు కూడ పరీక్షించిరి. స్విట్జర్లాండులోని జెనీవా విశ్వవిద్యాలయమువారు 2011లో 12 మంది పురుషులను మధ్యాహ్నవేళ మెల్లగా ఊగు మంచముమీద 45 నిమిషములు పరుండబెట్టి చూచిరి. కదలని మంచముమీదకంటె ఊగు మంచముమీద వారు త్వరగా నిద్రలో పడిరి. ఆ నిద్రయు గాఢముగా నుండెను. కాబట్టి పడక కదలుట నిద్రకు శత్రువు కాదు. నిద్రకు శత్రువు భయము.

ఇప్పుడు ఆ రెండు రాత్రులు మాకు నేర్పిన పాఠములు చెప్పుదుము. ఎవరైనను ఇట్టి పడక కట్టుకొనదలచిన పనికి వచ్చునట్లును, కట్టుకొననివారికిని ఆత్మకు మేలు కలుగునట్లును వ్రాయుచున్నాము.

మొదటి పాఠము: కట్టకముందు పరీక్షించుము, కట్టిన తరువాత నమ్ముము.

చెట్టును ఎన్నుకొనుటలోనే సగము పని యున్నది. బ్రదికియున్న చెట్టు కావలెను. మ్రాను కనీసము మనిషి తొడయంత లావుండవలెను. మామిడి, చింత, వేప మంచివి. మునగ, బొప్పాయి పనికిరావు. ఒకరిని పొగడి మునగచెట్టు ఎక్కించుట అని మనవారు ఊరకే అనలేదు, ఆ కొమ్మ పుటుక్కున విరుగును. కొబ్బరిచెట్టు మ్రాను గట్టిదేగాని పైనుండి కాయయో మట్టయో పడును, గనుక దాని క్రింద నిద్రింపరాదు. సన్నని త్రాడు చెట్టు బెరడును కోయును. రెండంగుళముల వెడల్పుగల పట్టీ వేసినయెడల చెట్టుకును హాని లేదు, ముడియు జారదు. కట్టిన తరువాత మొదట చేతులతో లాగి, పిమ్మట మెల్లగా కూర్చుండి, బరువంతయు వేసి చూడవలెను. ఇదంతయు వెలుగుండగానే చేయవలెను.

మాలో ఒక తమ్ముడు మొదటి రాత్రి నాలుగు సారులు దిగి, టార్చిలైటు వేసి ముడులు చూచెను. ముడి మొదటిసారి ఎట్లున్నదో నాలుగవసారియు అట్లే యున్నది. నిద్ర మాత్రము పోయెను. గిజిగాని ఆడపక్షి సగము కట్టిన గూటిని వచ్చి పరీక్షించును. నచ్చిననే అందులో కాపురమునకు ఒప్పుకొనును. ఒప్పుకొనిన తరువాత రేయింబవళ్లు నారలు పీకి చూచుచు కూర్చుండదు, గ్రుడ్లు పెట్టును. విశ్వాసమనగా పరీక్షింపకుండుట కాదు. దేవుని మాటను పరీక్షించుడి, ప్రశ్నలడుగుడి, పగటివేళ కూర్చుండి చదువుడి. అయితే పగలు వెలుగులో నిశ్చయము చేసికొనిన దానిని రాత్రి చీకటిలో మరల విప్పి చూడకుడి. అర్ధరాత్రి రెండు గంటలకు మన భయము చెప్పు సాక్ష్యము ఏ కోర్టులోను చెల్లదు.

రెండవ పాఠము: బిగించి లాగినదే తెగును.

క్రొత్తవాడు చేయు మొదటి పని యేదనగా, పడక మంచమువలె చదునుగా నుండవలెనని త్రాళ్లను బిగించి లాగుట. చూచుటకు అది భద్రముగా కనబడును. నిజమునకు అదియే అపాయము. త్రాడు నేలకు సమముగా గీసిన గీతనుండి సుమారు 30 డిగ్రీలు వాలియుండవలెనని తెలిసినవారు చెప్పుదురు. ఆ వాలులో 60 కిలోల మనిషి పరుండిన ఒక్కొక్క త్రాటిమీద 60 కిలోల లాగుడు పడును. బిగించి 10 డిగ్రీలకు తెచ్చినయెడల అదే మనిషికి ఒక్కొక్క త్రాటిమీద 170 కిలోలకు పైగా పడును. మనిషి బరువు పెరుగలేదు, బిగింపు పెరిగినది. త్రాడు తెగినను, చెట్టు వంగినను, నేరము బరువుది కాదు, బిగింపుది.

సహోదరులారా, మన హృదయములు ఇట్లే యున్నవి. పిల్లవాని చదువు, కుమార్తె వివాహము, అప్పు, అనారోగ్యము: ఇవి బరువులే, కాదనము. అయితే అదే బరువును ఒకరు మోయుచుండగా మరియొకరు విరిగిపోవుట చూచుచున్నాము. రేపటి దినమును ఈ రాత్రియే చదును చేయవలెనని లాగువాడు తన బరువును తానే మూడింతలు చేసికొనుచున్నాడు. కొంత వదులు, కొంత వాలు, కొంత తెలియనితనము ఉండనిమ్ము. దేవుడు మోయుటకు చోటు అక్కడనే యున్నది. 127వ కీర్తనలో, తెల్లవారకముందే లేచి అర్ధరాత్రివరకు పాటుపడి అదే తన ఇంటిని నిలుపుననుకొనువాని శ్రమ వ్యర్థమని కీర్తనకారుడు తేల్చి చెప్పుచున్నాడు. ఆ కీర్తన సోమరికి వ్రాసినది కాదు. ఇల్లు కట్టువానికిని, పట్టణమును కావలికాయువానికిని వ్రాసినది. పని చేయవద్దనలేదు. పనిని దేవుడనుకొనవద్దని చెప్పెను.

మూడవ పాఠము: ఏటవాలుగా పరుండుము.

వ్రేలాడు పడకలో ఒక చివరనుండి రెండవ చివరకు తిన్నగా పరుండినవాడు అరటిపండువలె వంగిపోవును. తెల్లవారుసరికి నడుము పట్టివేయును. తల ఒక ప్రక్కకు, కాళ్లు మరియొక ప్రక్కకు వేసి ఐమూలగా పరుండినయెడల గుడ్డ చదునై వీపు తిన్నగా నిలుచును. ఎక్కుటయు అట్లే: కాళ్లు ముందు పెట్టి దూకరాదు. మధ్యను వెడల్పుగా విప్పి, కుర్చీలో కూర్చున్నట్లు కూర్చుండి, పిమ్మట వీపు వాల్చి, చివరకు కాళ్లు పైకి తీసికొనవలెను. కూర్చున్నప్పుడు పాదములు నేలకు ఆనవలెను. పడినను దెబ్బ తగులనంత ఎత్తుననే కట్టవలెను. త్రోయలో కిటికీమీద కూర్చుండి నిద్రపోయి మూడవ అంతస్తునుండి పడిన ఐతుకు సంగతి అపొస్తలుల కార్యములు 20వ అధ్యాయములో చదువుచున్నాము. ప్రసంగము దీర్ఘమైనదని అతడు నిద్రపోయెను. మేమా తప్పు అతనిమీద మోపము. ఎత్తున నిద్రించుటయే అపాయము.

ఇట్లే కొన్ని దుఃఖములకు ఎదురుగా తిన్నగా పరుండలేము. కొంచెము ప్రక్కకు జరిగి పరుండవలెను. బదరీవృక్షము క్రింద చావు కోరుకొనిన ఏలీయాకు దేవుడు ఆ రాత్రి వేదాంతము చెప్పలేదు. నిద్రపోనిచ్చెను, లేపి రొట్టె, నీళ్లు ఇచ్చెను, మరల నిద్రపోనిచ్చెను. హోరేబు సంభాషణ ఆ తరువాత జరిగెను. కొన్ని రాత్రులలో నిద్రించుటయే మన విధేయత.

నాలుగవ పాఠము: చలి క్రిందనుండి వచ్చును.

మొదటి రాత్రి మా అందరిని ఆశ్చర్యపరచిన సంగతి ఇది. జనవరి మంచుకు భయపడి అందరును పైన దళసరి దుప్పట్లు కప్పుకొనిరి. తెల్లవారుజాము మూడు గంటలకు వీపులు గడ్డకట్టినవి. నేలమీద పరుండిన నేల గాలిని అడ్డగించును. వ్రేలాడువాని క్రిందుగా గాలి పోవుచునే యుండును. వీపు క్రింద వేసికొనిన దుప్పటి శరీరపు బరువునకు నలిగి, దానిలోని గాలి పోయి, వెచ్చదనము నిలుపలేదు. రెండవ రాత్రి ఒక తల్లి చెప్పిన ఉపాయము చేసితిమి. పాతచీరల బొంతను పడకలోపల గాక, పడకకు వెలుపల, అడుగున వదులుగా వ్రేలాడగట్టితిమి. నలగని బొంత నలగని వెచ్చదనమిచ్చెను. దోమలును అంతే: పలుచని గుడ్డగుండ క్రిందనుండియే కుట్టును. గనుక దోమతెర పైననే గాక చుట్టును మూసియుండవలెను. కొల్లేటి దోమకు మోమాటము లేదు.

మన సంఘములలోను ఇదియే కొరత. పైన కప్పుటకు చాలమందిమి ఉన్నాము: పరామర్శ, ప్రార్థన, మంచిమాట. అడుగున కట్టువారు తక్కువ. ఇక్కడ మా మనస్సును భారపెట్టిన సంగతి చెప్పవలెను.

మాతోకూడ ఆ తోటకు వంటపనికి వచ్చిన సహోదరుడొకడు ఉన్నాడు. అతడు కైకలూరు దిక్కున కౌలుకు చెరువు తీసికొని బొచ్చె, శీలావతి పెంచువాడు. వరద నీటికి ఒక పంట పోయెను. తరువాతి పంటకు భార్య నగలు కుదువబెట్టెను. అతడు పడకను చూచి నవ్వి ఇట్లనెను: “అయ్యగారూ, నాకు ఇది కట్టినా దండగేనండి. గట్టు మీద నులకమంచం ఉంది, ఇంటికాడ పరుపు ఉంది. ఎక్కడ పడుకున్నా మూడేళ్లబట్టి నిద్దర పట్టట్లేదండి.”

చేపలచెరువు ఎరుగనివారికి అతని భయము తెలియదు. పగలు ఎండకు నీటిలోని పచ్చని నాచు ప్రాణవాయువును పుట్టించును. రాత్రి అది పుట్టించుట మానివేయును. నాచు, చేప, అడుగు బురదలోని సూక్ష్మజీవులు అన్నియు కలిసి ఉన్నదానిని పీల్చుకొనును. కావున తెల్లవారకముందు ఘడియలలో నీటిలో ప్రాణవాయువు అన్నిటికంటె తక్కువగా నుండును. మబ్బు పట్టిన దినముల తరువాత ఇంకను తక్కువ. అప్పుడు చేపలు నీటిపైకి వచ్చి నోళ్లు తెరచును. ఆ గడియలో ఏరేటరు వేయువాడు లేనియెడల సంవత్సరపు కష్టము తెల్లవారుసరికి తెల్లని పొట్టలై తేలును. ఏ గడియలో లోకమంతయు గాఢముగా నిద్రించునో ఆ గడియలోనే మన చెరువుల రైతు మేలుకొనియుండవలెను. 1999లో కొల్లేరు అభయారణ్యమైనది. 2006లో ఐదవ కాంటూరు లోపలి చెరువుల గట్లు తెగగొట్టబడినవి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి బెజవాడను ముంచిన నీరు కొల్లేటికే వచ్చినది. సరస్సు బ్రదుకవలెను, పక్షి బ్రదుకవలెను. వాటినడుమ కూలివాడును కౌలుదారుడును బ్రదుకవలెను. ఈ లెక్క తేలనందున ఎన్ని యిండ్లలో దీపములు రాత్రి ఆరకున్నవో దేవునికే తెలియును.

అట్టివానియొద్దకు పోయి, ప్రభువు దోనెలో నిద్రించెను, నీకు విశ్వాసము లేదు అని చెప్పుట సులభము. అయితే మార్కు సువార్తను జాగ్రత్తగా చదువుడి. శిష్యులు భయపడి లేపినప్పుడు ప్రభువు మొదట గాలిని గద్దించెను, సముద్రమును నిమ్మళపరచెను. ఆ తరువాతనే వారి విశ్వాసమునుగూర్చి ప్రశ్నించెను. మొదట అపాయమును తొలగించెను, పిమ్మట పాఠము చెప్పెను. మనము తరచుగా ఈ వరుసను తలక్రిందులు చేయుచున్నాము. గాలి అట్లే వీచుచుండగా పాఠము చెప్పి ఇంటికి వచ్చి సుఖముగా పరుండుచున్నాము.

ఆ సాయంకాలము కూటమునకు ముందు మా యౌవనస్థులలో ఇద్దరు, చెరువుల పని తెలిసినవారు, తమంతట తామే లేచి, “ఈ రాత్రి నీ గట్టు మేము చూతుము” అని బండి తీసికొని బయలుదేరిరి. గంటగంటకు సెల్‌ఫోనులో కబురు చెప్పుదుమనిరి. ఆ సహోదరుడు మొదటి కబురు విని, రెండవ కబురు విని, మూడవది వినలేదు. మామిడిచెట్ల నడుమ బొంత కట్టిన పడకలో, బయటి చెప్పులు బయటనే యుండగా, సూర్యుడు పూతమీదికి వచ్చువరకు నిద్రించెను. మేమతనిని లేపలేదు. ఆ పూట గంజి ఇంకొకరు కాచిరి. ఆ ప్రాతఃకాల ధ్యానమును గొంతు తగ్గించి చేసికొంటిమి.

ఒక్క రాత్రి నిద్రతో అతని అప్పు తీరలేదు. అట్లు తీరునని మేము చెప్పుట లేదు. అయితే నలుగురు మోసికొని వచ్చిన పక్షవాయువుగలవాని సంగతి ఆ రాత్రి మాకు క్రొత్తగా అర్థమాయెను. అతడును వ్రేలాడు పడకలోనే ప్రభువునొద్దకు దిగెను. పడకలోనివాడు చేయవలసిన పని ఏదియు లేదు, పరుండుటయే. పైనున్న నలుగురి చేతులు సడలకుండుటయే అతని రక్షణ. ప్రభువు చూచినది వారి విశ్వాసమని మార్కు వ్రాసెను.

వ్రేలాడు పడకకు తనంతట తనకు బలము లేదు. అటు ఇటు నిలిచిన రెండు చెట్లు దాని బలము. పరుండినవానికి కావలసినది నమ్మిక, చెట్టునకు కావలసినది కదలకుండుట. ఈ వాక్యము చదువుచున్న మనము కొన్ని రాత్రులలో పరుండువారము, కొన్ని రాత్రులలో చెట్లము. మనమెవని చెట్టు? ఆసుపత్రిలో రోగియొద్ద మూడు రాత్రులు మేలుకొనిన భార్యకు ఒక రాత్రి నిద్ర ఇచ్చుటకు స్త్రీల సమాజమునుండి ఎవరు పోవుదురు? ఉద్యోగమునకు దూరదేశము పోయిన కుమారుని కబురు రాక మేలుకొనియున్న తల్లి గుమ్మములో ఎవరు కూర్చుందురు?

ఇంకొక మాట చెప్పక తప్పదు. నిర్గమకాండము 22వ అధ్యాయములో, ద్వితీయోపదేశకాండము 24వ అధ్యాయములో, పేదవాని దుప్పటిని తాకట్టు పట్టినవానికి దేవుడు ఆజ్ఞ ఇచ్చెను: సూర్యుడస్తమించులోగా దానిని తిరిగి ఇచ్చివేయవలెను. ఏలయనగా వానికి ఉన్న కప్పుదల అదియొక్కటే. వాడు ఇక దేనిని కప్పుకొని పరుండునని దేవుడే అడుగుచున్నాడు. ఆకాశమును భూమిని సృజించినవాడు ఒక పేదవాని రాత్రి పడకనుగూర్చి విచారించి అడిగిన ప్రశ్న ఇది. మన సంఘములలోను వడ్డీకి ఇచ్చువారున్నారు. నగలు పెట్టెలో పెట్టుకొని ఆదివారము ముందు బల్లమీద కూర్చుండువారున్నారు. చట్టము మీ పక్షముగా నుండవచ్చును, పత్రము సరిగానే యుండవచ్చును. అయినను ఈ రాత్రి దీపమార్పకముందు ఆ ప్రశ్నను మీరే మీకు వేసికొనుడి: నా పెట్టెలోనున్నది ఎవని నిద్ర? వడ్డీ కొంత తగ్గించినను, గడువు కొంత పెంచినను, ఒక ఇంట దీపమారును. అది బలిపీఠముమీద పెట్టిన కానుకకంటె తక్కువ కాదు.

నిద్రపట్టని ప్రియులారా, మీతోను ఒక మాట. నిద్ర పట్టకపోవుట పాపము కాదు. వారములు గడచినను తగ్గనియెడల, ప్రాణము విసికిన తలంపులు వచ్చుచున్నయెడల, సిగ్గుపడక వైద్యునియొద్దకు పోవుడి, మమ్మును పిలువుడి. ఏ రాత్రియైనను తలుపు కొట్టుడి. వైద్యుడైన లూకా పౌలుతో కూడ ప్రయాణము చేసెను. ప్రార్థన ఉన్నదని వైద్యుని ఇంటికి పంపివేయలేదు. నిద్ర పట్టినదంతయు విశ్వాసమును కాదు. యోనా తుపానులో నిద్రించెను. అది పారిపోవువాని నిద్ర. గెత్సేమనేలో శిష్యులు నిద్రించిరి. అది స్నేహితుని విడిచిన నిద్ర. రెండు సంకెళ్లతో ఇద్దరు సైనికుల నడుమ పేతురు నిద్రించెను. అది అప్పగించుకొనినవాని నిద్ర. ఆ రాత్రి అతడు నిద్రించుచుండగా సంఘము మేలుకొని అతనికొరకు ప్రార్థించుచుండెనని మరువకుడి.

నేర్చుకొనదలచినవారికి చివరి మాట: మొదటి రాత్రియే తెల్లవార్లు నిద్ర పట్టవలెనని పంతము పట్టకుడి. మొదట ఒక మధ్యాహ్నము గంటసేపు పరుండుడి. తరువాత ఒక సాయంకాలము. క్రింద ఒక చాప పరచి యుంచుడి. అర్ధరాత్రి దిగి చాపమీద పరుండినవాడు ఓడిపోయినవాడు కాడు. మాలో ఒక పెద్దాయన మొదటి రాత్రి చాపమీదనే తెల్లవార్చెను, రెండవ రాత్రి పడకలో గురకపెట్టెను. పసిబిడ్డలను మాత్రము కాపలా లేక ఇట్టి పడకలో విడువకుడి; మెడకు గుడ్డ చుట్టుకొను అపాయమున్నది. వాన వచ్చునట్లున్న, పడక చివరకు కొంచెము ఇవతలగా త్రాటికి ఒక దారపుముక్క కట్టుడి. త్రాటివెంట జారి వచ్చు నీరు ఆ దారమువెంట క్రిందికి కారిపోవును, పడక తడియదు. అంత చిన్న దారము అంత వానను మరలించును. రాత్రి పరుండబోవుటకు ముందు చేయు రెండు నిమిషముల ప్రార్థన అట్టి దారము.

121వ కీర్తన చెప్పునట్లు ఇశ్రాయేలును కాపాడువాడు మేలుకొనియున్నాడు. ఇద్దరును మేలుకొనియుండ నక్కర లేదు.

ప్రార్థించుదము: ఊగు దోనెలో నిద్రించిన ప్రభువా, మా బిగింపును సడలింపుము. చెరువుగట్లమీద, ఆసుపత్రి వరండాలలో, రాత్రి డ్యూటీలలో మేలుకొనియున్నవారితో కూడ నీవు మేలుకొనియుండుము. ఒకని నిద్రను మా పెట్టెలో దాచుకొనియున్నయెడల దానిని సూర్యాస్తమయములోగా తిరిగి ఇచ్చు మనస్సు దయచేయుము. మా పొరుగువాని బరువు మాపై పడినప్పుడు కదలని చెట్లుగా మమ్మును నిలుపుము. ఆమేన్.